చూపు ఖరీదెంత?

ఎదుటివాళ్ళ జీవితాన్ని ఊరికే చూస్తూ కూర్చోవడం తప్పా అండీ? మొన్నమొన్నటిదాకా నన్నెవరైనా అడిగితే కాదనే చెప్పేవాణ్ణి. నాకు ముందునుంచీ చూసే జబ్బుంది. హిందూపురంలో రైలెక్కితే ధర్మవరం దాకా కిటికీ వదలను. పట్టాల పక్క పెరళ్ళలో ఎవరు బట్టలారేస్తున్నారో, ఎవరు ఎవరిమీద అరుస్తున్నారో చూస్తూ పోవడంలో ఉన్న సుఖం టిక్కెట్టు డబ్బుకు మించినదని నా నమ్మకం. వాళ్ళకు నేనెవరో తెలియదు, నాకు వాళ్ళెవరో తెలియదు. ఎవరికీ నష్టంలేని సరదా.

మా మేనకోడలి కూతురు ఆ నమ్మకానికి చిల్లు పెట్టింది.

ఆ పిల్ల ఒక యూనివర్సిటీలో కంప్యూటరు ఇంజనీరింగు చదువుతోంది. ఏ యూనివర్సిటీ అన్నది మనకు అనవసరం. తండ్రి ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. సెలవులకు ఇంటికొచ్చిందని తెలిసి నేనూ వెళ్ళాను. భోజనాలయ్యాక మగ్గం పక్కన చాప పరుచుకుని కూర్చున్నాం. ఫోను నా చేతికిచ్చి, “తాతా, ఇది చూడు. మా ల్యాబు,” అంది.

ఈ మధ్య రియాలిటీ వెబ్ సిరీస్ అని ఒకటి బయల్దేరింది కదా. అందులో కథ ఉండదు, నటులుండరు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉంటారు, కెమెరా వాళ్ళ వెంట తిరుగుతుంది. ఆ పిల్ల సీనియర్లు కొందరు తమ ల్యాబునే అలా తీసి, పదేసి నిమిషాల ముక్కలుగా ఇంటర్నెట్‌లో వదులుతున్నారట. చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగానే ఉంది. వరసగా కంప్యూటర్లు, గుట్టలుగా రికార్డు పుస్తకాలు, పనిచెయ్యని ఏసీ, మేష్టారి చెప్పుల చప్పుడు వినగానే తెరల మీంచి మాయమయ్యే సినిమాలు. ఆ తర్వాత ఒకమ్మాయి. వెనకనుంచి తీశారు. ఆమె ముందున్న తెరమీద అంకెలు ఆగకుండా కిందికి పరుగెడుతున్నాయి. ఏ మీట నొక్కినా ఆగడంలేదు. వెనకాల పెళ్ళిసన్నాయి పెట్టారు. అమ్మాయి తల పట్టుకుంది. కెమెరా చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. ఎర్రబడ్డ ముక్కు, వణికే పెదవి, బొటబొటా కన్నీళ్ళు. సరిగ్గా అప్పుడు సన్నాయి అపశ్రుతి పలికింది. నేను ఫక్కున నవ్వాను.

నవ్వాక పోల్చుకున్నాను, ఆ ఏడుస్తున్నది నా పక్కన కూర్చున్న పిల్లేనని.

తలెత్తి చూద్దును కదా, ఆమె ఫోను వంక చూడ్డంలేదు. నన్ను చూస్తోంది. “నువ్వు యాడ నవ్వుతావో చూద్దామని చూపిచ్చినా తాతా. అందరూ ఆడనే నవ్వుతారు,” అంది.

ఫ్రెంచి తత్వవేత్త సార్త్రే 1943లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో ఒక మనిషిని తలుపు తాళం కన్నం దగ్గర వంగోబెట్టాడు. లోపల జరిగేది చూడ్డంలో మునిగి ఆ మనిషి తనను తానే మరిచిపోయాడు. ఇంతలో వెనక అడుగుల చప్పుడు. అంతే, తనేం చేస్తున్నాడో ఒక్కసారిగా తెలిసొచ్చి సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఎప్పుడో ఆ సంగతి చదివి, ఇవన్నీ పారిస్ వాళ్ళ బాధల్లే అనుకున్నాను. ధర్మవరంలో చాపమీద కూర్చున్న నాకూ ఆ అడుగుల చప్పుడే వినబడింది.

“ఇంతకీ ఎందుకేడిస్తివి పాపా?” అన్నాను, సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి.

“రెండు దినాలు కూచున్నా తాతా. తప్పు యాడుందో తెలీలేదు. ఆ రాత్రి హాస్టల్లో పదకొండు గంటలకు దొరికింది.”

ఆ తప్పేమిటో నాకు విడమరిచి చెప్పింది. ఆమె రాసిన కంప్యూటరు భాషలో సమానం గుర్తు ఒకటి పెడితే అది ఆజ్ఞట: ‘ఇది ఇంతే అనుకో’ అని. రెండు పెడితే ప్రశ్నట: ‘ఇది ఇంతేనా, చూడు’ అని. ప్రశ్న అడగాల్సిన చోట ఈ పిల్ల ఆజ్ఞ ఇచ్చింది. కంప్యూటరు పాపం అమాయకపుది. చెప్పినట్టే అనుకుని, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తూ పోయింది.

తప్పు దొరికిన ఆ పదకొండు గంటలవేళ అక్కడ కెమెరా లేదు. ఉన్నా అది తియ్యగలిగేది ఏముంది గనక? ఒక పిల్ల తెరవైపు రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చుంది, తర్వాత ఒక మీట నొక్కింది. అంతే కదా కనిపించేది. కంప్యూటరు ల్యాబులో జరిగే అసలు పని ఆలోచన. ఆలోచనకు రూపు లేదు, కన్నీటికి ఉంది. అందుకని కెమెరా కన్నీటి దగ్గరికి పరుగెత్తింది. రెండురోజుల పనిలో లోకానికి దక్కింది నలభై సెకన్లు.

“మరి తియ్యొద్దని చెప్పకపోయినావా?”

“ముందే అడిగినారు తాతా. క్లాసంతా సంతకం పెట్టినారు. నేనొకదాన్నే పెట్టనంటే ఈమెకేం పొగరంటారు. అయినా ఏడుస్తానని ముందే తెలిస్తే కదా!”

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. మనిషి ఏకాంతం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలో హైకోర్టు న్యాయమూర్తిగా చేసి రిటైరైన పెద్దమనిషి. గొప్ప తీర్పే. కానీ సంతకం పెట్టిన చేతికీ తర్వాత తుడుచుకున్న కంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ తీర్పు కొలుస్తుంది? రేపు నాకేం జరుగుతుందో తెలియకుండా ఇవాళ నేనిచ్చే ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు?

సిరీస్ తీసిన కుర్రాడు చెడ్డవాడు కాడని కూడా ఆ పిల్లే చెప్పింది. వెళ్ళి అడిగితే నొచ్చుకున్నాడట. “అబద్ధమేమీ చూపించలేదు కదా?” అన్నాడట. పల్లెల్లోంచి కొత్తగా చేరే పిల్లలు దీన్ని చూసి, మనకే కాదు, అందరికీ ప్రోగ్రాములు మొరాయిస్తాయని ధైర్యం తెచ్చుకుంటారన్నాడట. నేను కాదనను. నిజంగానే ఏ మడకశిర పిల్లో చూసి ఊరట పొంది ఉండొచ్చు. అబద్ధం లేదన్నదీ నిజమే. అయితే, చూసినవాళ్ళు చేసింది ఆ ఒక్క సమానం గుర్తు పొరపాటే. ‘ఈ పిల్ల ఇంతేనా?’ అని అడగాల్సిన చోట ‘ఈ పిల్ల ఇంతే’ అనేసుకున్నారు. ఇక ఆ ప్రోగ్రాం ఆగదు. క్యాంటీన్లోకి అడుగుపెడితే చాలు, “రుమాలు కావాలా మేడం?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారట.

అది భరించొచ్చు. నన్ను భయపెట్టింది ఆ తర్వాత చెప్పిన మాట. “ఇప్పుడు ల్యాబులో ఎవర్నీ ఏమీ అడగను తాతా. అడిగితే కెమెరా ఇట్లా తిరుగుతుంది. పక్కపిల్ల ప్రోగ్రాం చూసి రాసేస్తా. అది రన్నవుతుంది. రికార్డులో సంతకం పడుతుంది.”

ల్యాబును మనం తెలుగులో ప్రయోగశాల అన్నాం. ప్రయోగమంటేనే తప్పిపోయే అవకాశమున్న పని. తప్పు చెయ్యడానికి జంకే చోటు ప్రయోగశాల కాదు, ప్రదర్శనశాల. ఆ పిల్ల చదువుకోవడానికి వెళ్ళింది. ఇప్పుడు చదువుకున్నట్టు కనిపించడం నేర్చుకుంటోంది.

చిత్రమేమిటంటే, ఇంటర్నెట్‌లో లోకమంతా ఎగబడి చూసిన మొట్టమొదటి కెమెరా కూడా ఒక యూనివర్సిటీ కంప్యూటరు ల్యాబులోదే. ఇంగ్లండులో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ల్యాబులో ట్రోజన్ రూమ్ అనే గది బయట ఒక కాఫీ పాత్ర ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్ళు మెట్లన్నీ దిగివచ్చేసరికి అది ఖాళీగా వెక్కిరించేది. 1991లో అక్కడి పరిశోధకులు ఆ పాత్రకు ఎదురుగా ఒక కెమెరా బిగించి, బొమ్మ తమతమ కంప్యూటర్ల మీద కనబడే ఏర్పాటు చేసుకున్నారు. తపాలాబిళ్ళంత బొమ్మ, రంగుల్లేవు. నిమిషానికి రెండు మూడుసార్లు మారేది. అయితేనేం, కాఫీ ఉందో లేదో తెలిసేది. 1993లో దాన్ని వెబ్‌లో పెడితే ప్రపంచం నలుమూలలనుంచీ జనం లక్షల సంఖ్యలో ఆ పాత్రను దర్శించుకున్నారు. ల్యాబు కొత్త భవనానికి మారుతూ 2001 ఆగస్టు 22న కెమెరా ఆపేసింది. ఆఖరి పాత్రను వేలం వేస్తే జర్మనీ పత్రికవాళ్ళు 3,350 పౌండ్లకు కొనుక్కున్నారు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. ఇప్పుడు అందులో ఒక మర్యాద కూడా కనబడుతోంది. వాళ్ళు కెమెరాను పాత్రమీద పెట్టారు, పక్కవాడి ముఖంమీద పెట్టలేదు. కాఫీ అయిపోయిందని పాత్ర సిగ్గుపడదు. మర్నాడు క్యాంటీన్లో దాన్ని ఎవరూ ఏడిపించరు.

కెమెరా మనుషులవైపు తిరగడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1973లోనే లౌడ్ అనే కుటుంబం బతుకును పన్నెండు భాగాలుగా టెలివిజనులో చూపించారు. ఆ భార్యాభర్తలు విడిపోవడం దేశమంతా కుర్చీల్లో కూర్చుని చూసింది. 1996లో జెన్నిఫర్ రింగ్లీ అనే కాలేజీ అమ్మాయి తన హాస్టలు గదిలో తనే కెమెరా పెట్టుకుంది. ఏడేళ్ళు పైగా నడిపి, 2003 చివర తనే మూసేసింది. పెట్టిన చేతికే తీసేసే హక్కు కూడా ఉంది కాబట్టి ఆమె గురించి నాకు బెంగలేదు. 1999లో హాలెండులో కొందరిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి ‘బిగ్ బ్రదర్’ అన్నారు. అదే 2017లో ‘బిగ్ బాస్’గా తెలుగింటికి వచ్చింది. రాత్రిపూట దాన్ని చూసినవాళ్ళలో మీ వినయవిధేయుడు కూడా ఉన్నాడని మనవి. కాబట్టి రాయి వేసే అర్హత నాకు లేదు.

మరి తప్పెక్కడుంది? చూడ్డంలోనే ఉంటే, మా చిన్నప్పుడు హిందూపురం వీధి అరుగులన్నీ పాపాల పుట్టలే కావాలి. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి పొయ్యి ఎప్పుడు రాజుకుందో అరుగులకు తెలియందేముంది? కానీ ఏడుస్తూ పోయే పిల్లను చూసిన అరుగుమీది అవ్వ ఊరుకునేది కాదు. లేచి చెయ్యి పట్టుకుని, “ఏమ్మే, ఎవరేమన్నారు?” అని అడిగేది. ఒక్కోసారి ఆ అడగడమే పెద్ద హింస అనుకోండి, అది వేరే సంగతి. అయినా చూసినందుకు ఆమె ఏదో ఒకటి చెల్లించుకునేది. పైగా రేపు ఆమె ఏడిస్తే చూసేవాళ్ళూ ఎదురరుగు మీదే ఉండేవాళ్ళు.

మా మాటలు వింటూ అల్లుడు మగ్గం ఆపలేదు. ఉన్నట్టుండి చెయ్యాపి అన్నాడు: “మామా, నేను చిన్నోడిగా మగ్గమెక్కినప్పుడు దినానికి ఎన్ని పోగులు తెంపేవాడినో లెక్కలేదు. మా నాయన పక్కనే కూచోని చూసేవాడు. తెగితే ఏమీ అనకుండా వంగి అతికించి పోయేవాడు. పట్టు ఆయప్పదే కదా, చెడితే నష్టం ఆయప్పకే.”

నేను వెతుకుతున్న మాట అదే. ఆ తండ్రి కూడా కొడుకు తప్పుల్ని రోజంతా చూశాడు. కానీ ఆ చూపు వెనక రెండు చేతులున్నాయి, పోయే పట్టూ ఉంది. ఫోనులో నలభై సెకన్లు చూసి నవ్విన నాకు పోయిందేముంది? నా చేతులు ఏం చేశాయి? మహా అయితే తర్వాతి భాగంకోసం వేలు జరిపేవి. చూపుకు ఖరీదు లేకపోవడమే ఇక్కడి తప్పని నాకు తోచింది. ఒకరి కష్టాన్ని చూసినవాడు అందులో తన వంతు కొంతైనా మొయ్యాలి. మొయ్యలేని చోట కళ్ళు తిప్పుకోవాలి. కళ్ళు తిప్పుకోవడం కూడా చెల్లింపే. చూడాలన్న సరదా ఖర్చవుతుంది కదా.

పోనీ, నవ్వుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా అంటారా? మన పెద్దలు దానికీ ఏర్పాటు చేశారు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును అవతలి వెలుగు కనబడేంత పలచగా చేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి, దీపానికీ తెరకూ మధ్య ఆడిస్తారు. రామాయణం నడుస్తుండగా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, పరువు తీసుకుంటారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నవ్వొచ్చు. అందుకే వాళ్ళను తోలుతో చేసుకున్నారు. తెల్లవారాక బంగారక్క పెట్టెలోకి పోతుందే తప్ప ల్యాబుకు పోదు. ఆడించేవాళ్ళకు తెర వెనక చోటుంది. అక్కడ వాళ్ళ చెమట, వాళ్ళ తడబాటు వాళ్ళవే. సినిమానటుడికైనా ఆ చోటు మిగులుతుంది. రియాలిటీ అనేది ఆ తెరనే చింపి, ఆ చిరుగునే ఆట అంటుంది.

ఇదంతా పాపకు ఉపన్యాసంలా చెప్పలేదు లెండి. “నవ్వినందుకు నాకేం జరిమానా?” అని మాత్రం అడిగాను. కాస్త ఆలోచించి, లోపలికెళ్ళి తన కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టింది. “ఒక ప్రోగ్రాం రాయి తాతా,” అంది.

ఒకటినుంచి పదిదాకా అంకెలు వెయ్యడం. ఒకటో క్లాసు పిల్లాడు చేసే పని. తను చెప్పింది చెప్పినట్టు ఒంటివేలితో కొట్టాను. మీట నొక్కితే ఒకటి కూడా రాలేదు. ఏవో ఇంగ్లీషు తిట్లు వచ్చాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అవే. మేనకోడలు గడపలో నిలబడి చూస్తోంది. అల్లుడు మగ్గంమీంచి చూస్తున్నాడు. మెడ వెనక వేడెక్కడం మొదలైంది. ఇంత వయసొచ్చి, నలుగురి ముందు ఒకటి రెండు రాయలేకపోతున్నానే అనిపించింది. అప్పుడు ఎవరైనా సన్నాయి ఊదితే నేనూ ఏడ్చేవాణ్ణేమో!

పాప నవ్వలేదు. వంగి, రెండో వరస చివర వేలుపెట్టి చూపించింది. అక్కడ నేనొక చుక్క, దాని కింద తోకా మరిచిపోయాను. పెట్టాను. ఒకటినుంచి పది, బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఆ పిల్ల నా తప్పును నాకంటే ముందే చూసింది. తాతగారి మగ్గం విద్య మనవరాలికి వచ్చింది. చూసింది, అతికించింది, అంతే.

సాయంత్రం రైల్లో తిరిగొచ్చాను. పెనుకొండ వచ్చేసరికి కొండమీద పొద్దు వాలుతోంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరది. అంతకు ముందే, అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరుపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో కలిసి మా హిందూపురం పక్కన లేపాక్షి గుడి కట్టించాడు. రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్ము వాడాడని నింద పడితే, రాజు వేసే శిక్షకు ఆగకుండా తన కళ్ళు తనే పెరికి గోడకు విసిరాడని కథ. ఆ గోడమీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. చిన్నప్పుడు వాటిని చూసి జడుసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ గోడ గుర్తొస్తే జాలి వేస్తుంది. మనిషినుంచి ఊడి గోడకు అంటుకున్న కళ్ళు ఏం చెయ్యగలవు? చూస్తాయి. ఏడ్చే పిల్లకు రుమాలు మాత్రం అందించలేవు. ల్యాబు గోడమీది కెమెరా అలాంటి కన్నే. అది యంత్రం, దాని తప్పులేదు. దాని వెనక కూర్చుని మనంకూడా చేతుల్లేని కళ్ళమైపోతేనే చిక్కు.

పెనుకొండలో ఫ్యాక్టరీ యూనిఫారంతో ఒక కుర్రాడు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. షిఫ్టు దిగివచ్చాడు కాబోలు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నోరు తెరుచుకుంది, తల ఊగుతోంది, ఒళ్ళోని క్యారియరు జారుతోంది. చూడ్డానికి తమాషాగానే ఉంది. ఎదురుగా ఉన్న పిల్లలు చూసి కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. క్యారియరు పట్టుకున్నాను. మలుగూరు దాటేదాకా పట్టుకునే ఉన్నాను. చూసినందుకు ఆ మాత్రం కూలి ఇచ్చుకున్నానన్నమాట.

ఇక్కడ మీరు నన్నొక మాట అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను. ఆ పిల్ల ఏడుపును ఇలా పత్రికలో పెట్టి నువ్వు చేసిందేమిటయ్యా? నిజమే. నాదీ కెమెరానే. అందుకని ఇది అచ్చుకు పంపేముందు ఆమెకు పంపించాను. పేరు లేదని చూసుకుంది. మూడురోజుల తర్వాత తిప్పి పంపింది. రెండు వాక్యాలు కొట్టేసింది. ఎందుకని నేనడగలేదు. నా మట్టుకు నాకు వ్యాసం మొత్తంలో అవే మంచి వాక్యాలు. ఎక్కడుండేవో కూడా చెప్పను.